ఓడ నాలుగింటికి

ఎక్కండి, ఎక్కండి, తల జాగ్రత్త.
ఈ తలుపు గట్టిగా లాగితేనే పడుతుంది.
బస్సు పేరు ఓపిక.
అద్దం మీద పసుపు రంగుతో మా ఆయన రాయించాడు,
నన్ను చూసి కాదంటాడు.
మీ ఓడ నాలుగింటికి.
ఇప్పుడు పది దాటి ఆరు నిమిషాలు.
గ్రెనడా మొత్తం చూపించమంటారు అందరూ,
చేపలబుట్టలో చెయ్యి పెట్టి
సముద్రం లోతెంతో చెప్పమన్నట్టు.

కుడివైపు కెరనాజ్ రేవు.
లాడంలా వంగిన నీళ్ల చుట్టూ ఎర్ర పెంకుటిళ్లు
మెట్లు మెట్లుగా కూర్చున్నాయి,
ఫొటో కోసం సర్దుకున్న చుట్టాల్లా.
దిగనక్కర్లేదు. వచ్చేటప్పుడూ ఇదే దారి.

కొండెక్కాక గ్రాండ్ ఎటాంగ్.
ఒకప్పుడు నిప్పు కక్కిన నోరు,
ఇప్పుడు మంచు కప్పుకున్న చెరువు.
అడుగు లేదంటారు. మా నాన్న తాడు వేసి చూశాడు,
తాడు అయిపోయింది, చెరువు అయిపోలేదు.
కోతులకి అరటిపండు ఇవ్వకండి.
ఇచ్చేశారా?
అయితే కళ్లజోడు జేబులో పెట్టుకోండి.
అయ్యో.

ఉత్తరం కొసన సోటేర్స్.
ఫ్రెంచివాళ్లకి చిక్కకుండా
ఈ నేల తొలి మనుషులు
ఈ అంచునుంచే దూకారు.
ఇక్కడ నేను మాట్లాడను.

గ్వావ్‌లో జాజికాయల గోదాము. దిగండి.
పచ్చికాయ విచ్చుకుంటే లోపల ఎర్రగా జాపత్రి,
గింజని వదలనంటున్న వేళ్లలా.
ఆ వాసన మీ చేతుల్ని రేపటిదాకా వదలదు.
కిటికీ పక్కన తల ఎత్తకుండా
మంచివీ పుచ్చువీ వేరుచేస్తున్నావిడ
మా టాంటీ యూలీన్. నవ్వించాలని చూడకండి.
తుఫాను ఏడాది ఆవిడ తోటలో
నూట పన్నెండు చెట్లు ఒక్క మధ్యాహ్నంలో పడుకున్నాయి.
జాజిచెట్టు కాపుకొచ్చేసరికి ఏడేళ్లు, ఒక్కోటి ఎనిమిది.
అరవై ఒకటో ఏట మళ్లీ నాటింది.
ఎందుకమ్మా అంటే
ఖాళీ నేల చూస్తే తలనొప్పంది.

మోలినేర్ దగ్గర నీళ్లడుగున
సిమెంటు పిల్లలు చేయీ చేయీ పట్టుకుని
గుండ్రంగా నిలబడి ఉన్నారు.
పగడాలు వాళ్ల కనురెప్పల మీద పెరుగుతున్నాయట.
నేను చూడలేదు. నాకు ఈత రాదు.
నవ్వండి, పరవాలేదు.
మా ఇంట్లో అందరం సముద్రాన్ని
పొరుగింటి పెద్దమనిషిలా చూస్తాం.
పలకరిస్తాం, లోపలికి వెళ్లం.

రెండున్నర.
గ్రాండ్ ఆన్స్ ఇసుకకి గంట మిగిలింది.
కోతికి కళ్లజోడు సమర్పించుకున్న పెద్దాయన
వెనకసీటులోంచి అడుగుతున్నారు:
"కాగితంలో లేనిదేమైనా ఉందా?"

పద్నాలుగేళ్లలో ఎవరూ అడగలేదీ మాట.
ఇసుక కావాలన్నవాళ్లు చెయ్యెత్తండి.
లేదా? అయితే ఎడమకి తిప్పుతున్నాను.

అదిగో నీలం గోడల ఇల్లు. మాదే.
పైకప్పు చూడండి. మీకు కనబడదు కదా, చెప్తాను:
సగం ఎర్రరేకులు, సగం ఆకుపచ్చ.
ఎరుపు మావి.
ఆకుపచ్చవి దిగువింటి కత్‌బర్ట్‌వి,
ఆ రాత్రి ఎగిరొచ్చి మా బొప్పాయి మీద పడ్డాయి.
మావి అతని మేకల దొడ్లో దొరికాయి.
అప్పటికి తొమ్మిదేళ్లుగా గట్టు తగాదా,
మా మధ్య మాటల్లేవు.
తెల్లారగానే సుత్తి పట్టుకొచ్చాడు.
తలుపు కొట్టలేదు, నిచ్చెన వేశాడు.
ఎవరి రేకు ఎక్కడ దొరికితే అక్కడే కొట్టేశాం,
తర్వాత మార్చుకుందాంలే అని.
కత్‌బర్ట్ పోయి మూడేళ్లు.
వానొస్తే అటువైపు చప్పుడు వేరుగా ఉంటుంది,
మా చిన్నాడు అక్కడే పడుకుంటానంటాడు.

చూడ్డానికి ఇంతే. టికెట్టు లేదు.
పొయ్యి మీద సీమపనస
కొబ్బరిపాలలో, ఉప్పుచేపతో ఉడుకుతోంది,
తలా రెండు ముద్దలు తినండి. నిలబడే, టైము లేదు.

మూడుంబావు. ఎక్కండి.
పెద్దాయనా, మీరు ముందు కూర్చోండి, నా పక్కన.
తలుపు గట్టిగా లాగాలి.
ఇంకా గట్టిగా.